దసరాకి చిన్న మిర్రర్‌లెస్ చాలుతుందా?

(విజయవాడలో ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్నవారి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. దసరా దగ్గరకొచ్చేసింది. ఇంద్రకీలాద్రి కొండ మీద, కొండ కింద ఉత్సవాలు, తర్వాత కార్తీకమాసం, దాని వెంటే పెళ్లిళ్లు. ఈ సీజన్ కోసం కెమెరా కొనాలనుకునేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: చేతిలో ఇమిడిపోయే చిన్న మిర్రర్‌లెస్‌తో, అంటే లోపల అద్దం లేని కెమెరాతో, పని జరుగుతుందా, అప్పు చేసైనా పెద్దది తీసుకోవాలా?

చిన్నది అంటే ఇవాళ మనం మాట్లాడుకునేది లెన్స్ మార్చుకునే వీలుండి, ఏపీఎస్-సీ అనే సైజు సెన్సార్ (బొమ్మ పడే చిప్పు) ఉండి, బాడీ అర కిలోకి లోపు తూగే కెమెరాల గురించి. సోనీ ఎ6400 బ్యాటరీ, కార్డుతో కలిపి 403 గ్రాములు. కెనాన్ ఆర్50 అలాగే తూచితే 375. అదే సెన్సార్ సైజుండి లోపల అద్దం ఉండే రకం, అంటే డీఎస్ఎల్ఆర్, నికాన్ డి7500 దాదాపు 720. ఈ తేడా ఎక్కడిదో ముందు చూద్దాం. మిగతా కథంతా దాంట్లోనే ఉంది.

డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్‌కీ సెన్సార్‌కీ మధ్య ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. బటన్ నొక్కగానే అది పైకి లేవాలి. లేవడానికి చోటు కావాలి. అందుకని నికాన్ ఎఫ్ మౌంట్‌లో, లెన్స్ బిగించే ఆ చోటు నుంచి సెన్సార్‌కి 46.5 మిల్లీమీటర్ల దూరం పెట్టారు, కెనాన్ ఈఎఫ్‌లో 44. అద్దం తీసేస్తే ఆ చోటు అక్కర్లేదు. సోనీ ఈ మౌంట్‌లో అది 18 మిల్లీమీటర్లు, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20, నికాన్ జడ్‌లో 16. 2008లో పానసోనిక్ జీ1 వచ్చినప్పుడు మొదలైన మార్పు ఇది. అద్దంతో పాటు పైన ఉండే గాజు ప్రిజమ్ కూడా పోయింది. బాడీ పలచబడింది.

కానీ అద్దం చేసే పని ఇప్పుడు ఎవరు చెయ్యాలి? మీకు దృశ్యం చూపించడం, ఫోకస్ పట్టడం, వెలుతురు కొలవడం, అన్నీ సెన్సారే చెయ్యాలి. డీఎస్ఎల్ఆర్‌లో సెన్సార్ ఫోటో తీసే ఆ క్షణం మాత్రమే మేలుకుంటుంది. మిర్రర్‌లెస్‌లో కెమెరా ఆన్‌లో ఉన్నంతసేపూ మేలుకునే ఉంటుంది. ఈ కెమెరాల్లో మీరు మెచ్చుకునేవి చాలావరకు అక్కడి నుంచే వచ్చాయి, విసిగించేవీ అక్కడి నుంచే వచ్చాయి.

మెచ్చుకునేదాంతో మొదలుపెడదాం. ఉప్పలపాడు చెరువులకి వెళ్లినవాళ్లు చేతులెత్తండి. సగం మంది ఉన్నారు. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు నల్లటి తుమ్మకొమ్మల మీద ఉంటాయి. కెమెరా మొత్తం ఫ్రేమ్‌ని సగటు తీస్తుంది. కొమ్మలు నల్లగా ఉన్నాయి కదా అని వెలుతురు పెంచుతుంది. తెల్ల రెక్కలు తెల్లకాగితంలా మాడిపోతాయి, ఈక కనపడదు. అద్దం ఉన్న కెమెరా వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే చోట, ఈ సంగతి ఫోటో తీశాకే తెలుస్తుంది. మిర్రర్‌లెస్ వ్యూఫైండర్‌లో తీయకముందే కనపడుతుంది, ఎందుకంటే మీరు చూస్తున్నది సెన్సార్ చూస్తున్నదాన్నే. మెనూలో జీబ్రా అని ఉంటే దాన్ని 100 ప్లస్‌కి పెట్టండి. మాడిపోతున్న చోట చారలు వస్తాయి. వెలుతురు పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ చక్రాన్ని మైనస్ వైపు ఒక్కో మెట్టు తిప్పుతూ, ఈకల మీద చారలు పోయిన దగ్గర ఆపండి. సాధారణంగా మైనస్ 0.7కీ మైనస్ 1.3కీ మధ్య సరిపోతుంది. సెన్సార్ చూసింది చూసినట్టు దాచే రా ఫైల్లో నీడలు తర్వాత పైకి తీసుకోవచ్చు, మాడిన తెలుపు మాత్రం తిరిగి రాదు.

ఫోకస్ సంగతీ అంతే. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ పట్టే సెన్సార్ వేరే, అడుగున ఉంటుంది. దానికీ అసలు సెన్సార్‌కీ వెంట్రుకవాసి తేడా వచ్చినా, కంటి మీద పెట్టిన ఫోకస్ చెవి మీద పడుతుంది. ఒక్కో లెన్స్‌కీ సర్దుబాటు చేసుకోవాల్సొచ్చేది. ఇక్కడ బొమ్మ పడే సెన్సారే ఫోకస్ కూడా పడుతుంది కాబట్టి ఆ బాధ లేదు. కంటిని గుర్తుపట్టే ఫోకస్ అయితే పెళ్లి పని చేసేవాళ్లకి నిజంగా పెద్ద వరం. పెళ్లికూతురు తల వంచుకుని ఉన్నా, ముఖం సగం పక్కకి తిరిగినా పట్టుకుంటుంది. బాసికం, మేలిముసుగు, పూలజడ ముఖానికి అడ్డమొస్తే మాత్రం తడబడుతుంది. అప్పుడు ఫోకస్ ఏరియాని చిన్న స్పాట్‌కి మార్చి చేత్తో పెట్టుకోండి.

ఇక్కడ ఒక్కమాట. ఫ్లాష్ లైట్లతో పనిచేసేవాళ్లు కొత్త మిర్రర్‌లెస్ చేతికి తీసుకోగానే కంగారుపడే విషయం ఒకటుంది. షట్టర్ (వెలుతురు పడే సమయం) సెకనులో 1/125 వంతు, అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే వెడల్పు, ఎఫ్ అంకె చిన్నదైతే ఎక్కువ వెలుతురు) ఎఫ్ 8, ఐఎస్ఓ (వెలుతురుకి సున్నితత్వం) 100 పెడతారు. స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోతుంది. కెమెరా పాడైందనుకుంటారు. పాడవలేదండి. ఫ్లాష్ ఇంకా వెలగలేదు కాబట్టి, గదిలో ఉన్న వెలుతురుకి ఆ సెట్టింగ్‌లో వచ్చేది నల్లటి బొమ్మే, దాన్నే నిజాయితీగా చూపిస్తోంది. సోనీలో లైవ్ వ్యూ డిస్‌ప్లే అనే చోట సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్ చెయ్యండి. కెనాన్‌లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆఫ్ చెయ్యండి. స్క్రీన్ మామూలుగా వెలుగుతుంది. ఫ్లాష్ పని అయ్యాక మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోకండి. ఇంకొకటి, కొన్ని చిన్న బాడీల్లో పైన ఫ్లాష్ తగిలించే షూ మధ్యలో ఉండాల్సిన పిన్ను లేకుండా వస్తోంది. దూరంగా ఉన్న ఫ్లాష్‌ని వెలిగించే పాత ట్రిగ్గర్ దాని మీద పనిచెయ్యదు. కొనేముందు మీ ట్రిగ్గర్ జేబులో వేసుకుని షాపుకెళ్లండి, అక్కడే పెట్టి చూడండి.

ఇప్పుడు అసలు విషయం, వెలుతురు. చిన్న కెమెరా మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం బాడీవి కావు, దాంతో పాటు డబ్బాలో వచ్చే కిట్ లెన్స్‌వి. ఆ లెన్స్ వెడల్పు వైపు ఎఫ్ 3.5ఓ 4.5ఓ ఉంటుంది, జూమ్ చేసేసరికి 5.6కో 6.3కో పడిపోతుంది. కల్యాణ మండపంలో రాత్రి ముహూర్తం, వీడియో లైట్లు ఇంకా వెయ్యలేదనుకోండి. 1/125, ఎఫ్ 5.6 పెడితే ఐఎస్ఓ 6400 దాకా పోవాల్సొస్తుంది. ముఖాల మీద రవ్వ రవ్వగా నాయిస్, పట్టుచీర జరీ అంతా మెత్తగా అలికినట్టుంటుంది. అదే బాడీకి ఎఫ్ 1.4 లెన్స్ పెట్టండి. 5.6కీ 1.4కీ మధ్య నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు), అంటే పదహారు రెట్ల వెలుతురు. ఐఎస్ఓ 6400 నుంచి 400కి దిగుతుంది. బాడీ మార్చలేదు, లెన్స్ మార్చామంతే.

పెద్ద సెన్సార్ వల్ల వచ్చే లాభం ఎంతో కూడా లెక్కలోనే చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ 36 బై 24 మిల్లీమీటర్లు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. సోనీ, నికాన్, ఫూజీల ఏపీఎస్-సీ సుమారు 23.5 బై 15.6, అంటే దాదాపు 367. తేడా రెండుంపావు రెట్లకి కొంచెం పైన. స్టాపుల్లో చెబితే ఒకటింబావు. కెనాన్ ఏపీఎస్-సీ ఇంకొంచెం చిన్నది. అంటే ఫుల్ ఫ్రేమ్ బాడీకి పెట్టే అదనపు డబ్బు మీకు ఒకటింబావు స్టాపు ఇస్తుంది, మంచి లెన్స్‌కి పెట్టే డబ్బు నాలుగు ఇస్తుంది. చేతిలో ఉన్నది పరిమితమైన డబ్బు అయినప్పుడు ముందు దేనికి పెట్టాలో నా అభిప్రాయం ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. జూమ్ వదులుకోలేనివాళ్లకి సిగ్మా 18-50 ఎఫ్ 2.8 ఉంది, 290 గ్రాములు, చిన్న బాడీ మీద బరువు ముందుకి లాగదు. 2.8 అంటే అదే మండపంలో ఐఎస్ఓ 1600.

అయితే 1.4 చేతికొచ్చిందని ప్రతిదీ 1.4లోనే తీస్తే ఇంకో దెబ్బ తగులుతుంది. 56 మిల్లీమీటర్ల లెన్స్‌తో రెండు మీటర్ల దూరం నుంచి 1.4లో తీస్తే ఫోకస్‌లో ఉండేది దాదాపు 7 సెంటీమీటర్లు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇద్దరి ముఖాలూ ఒకే దూరంలో ఉండవు. పెళ్లికొడుకు స్పష్టంగా, పెళ్లికూతురు మసకగా వస్తుంది, ఆ ఫోటోని ఇంట్లోవాళ్లు క్షమించరు. ఇద్దరున్నప్పుడు 2.8, వెనక తల్లిదండ్రులు కూడా ఉంటే 4, పెద్ద గ్రూపుకి 5.6, అప్పుడు లైటు వేసుకోండి.

చిన్న కెమెరా ఏమాత్రం తీసిపోని సందర్భాలు కూడా చెప్పాలి. ప్రకాశం బ్యారేజీ దీపాలు సాయంత్రం నీళ్లలో పడే దృశ్యం తీయాలంటే ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100, ఎఫ్ 8, ఎనిమిది నుంచి పదిహేను సెకన్లు, రెండు సెకన్ల టైమర్, లెన్స్‌లో వణుకు ఆపే స్టెబిలైజేషన్ ఆఫ్. ఈ సెట్టింగ్‌లో కిట్ లెన్స్ కూడా చక్కగా పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త: తేలిక బాడీ, తేలిక ట్రైపాడ్ అయితే బ్యారేజీ మీద బండి పోయినప్పుడల్లా బొమ్మ వణుకుతుంది. వంతెన దిగి ఘాట్ మెట్ల మీద నిలబడండి, ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లాగకండి, కొక్కానికి బ్యాగు తగిలించండి. అదే నదిలో విజయదశమి రాత్రి హంస వాహనం మీద తెప్పోత్సవం జరిగితే మటుకు ఈ పద్ధతి పనికిరాదు. తెప్ప కదులుతుంది. 1/60 కంటే తగ్గితే దీపాలు గీతలవుతాయి. వెడల్పు అపెర్చర్ లెన్స్ ఉండాల్సిందే, ఐఎస్ఓ 1600, 3200కి సిద్ధపడాల్సిందే. ఎ6400, ఆర్50 లాంటి బాడీల్లో సెన్సార్‌ని కదిపి వణుకు ఆపే ఏర్పాటు లేదని కూడా గుర్తుంచుకోండి. చేత్తో పట్టుకున్నప్పుడు లెన్స్ మిల్లీమీటర్లని 1.5తో గుణించి, సెకనులో అన్నో వంతు కంటే నెమ్మదిగా పోకండి. 50 లెన్స్‌కి 1/80. చెయ్యి నిలకడ లేకపోతే 1/160.

ఎలక్ట్రానిక్ షట్టర్ దగ్గరికొద్దాం. సైలెంట్ షట్టర్ అంటే అదే. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కూచిపూడి ప్రదర్శన జరుగుతోంది, ముందు వరసలో కూర్చుని టకటకమని షట్టర్ కొడితే వెనకవాళ్లకి చిరాకు. సైలెంట్‌లో పెడితే చప్పుడుండదు. కానీ ఈ తరగతి కెమెరాల్లో సెన్సార్ బొమ్మ మొత్తాన్ని ఒకేసారి చదవదు. పై వరస నుంచి కింది వరస దాకా చదువుకుంటూ రావడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం డ్రైవర్ (కరెంటు అందించే సర్క్యూట్) ఉన్న ఎల్ఈడీ దీపం సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది, అంటే పది మిల్లీసెకన్లకొకసారి. సెన్సార్ చదవడానికి ముప్పై మిల్లీసెకన్లు పట్టిందంటే ఫోటో మీద అడ్డంగా మూడు చీకటి పట్టీలు. నర్తకి చెయ్యి వేగంగా తిరిగితే వంగిపోయినట్టు వస్తుంది.

ఏం చెయ్యాలి? ముందు షట్టర్ 1/100 గానీ 1/50 గానీ పెట్టి చూడండి, మామూలు కరెంటు దీపాల పట్టీలు చాలావరకు పోతాయి. స్టేజీ వెనక పెద్ద ఎల్ఈడీ తెర ఉంటే దాని మిణుకు లెక్క వేరు, 1/100 దానికి పనిచెయ్యకపోవచ్చు. అప్పుడు మెకానికల్‌కి మారడమే. చప్పుడు తప్పదు కాబట్టి మృదంగం మీద దెబ్బ పడేటప్పుడు నొక్కండి. ప్రదర్శనకి ముందు లైట్ చెక్ చేస్తుంటారు, ఆ అయిదు నిమిషాల్లో పది ఫోటోలు తీసి జూమ్ చేసి చూసుకుంటే తర్వాత ఏడవక్కర్లేదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఫ్లాష్ వెలగదని కూడా తెలుసుకోండి. షట్టర్‌కుండే రెండు తెరల్లో మొదటిది ఎలక్ట్రానిక్, రెండోది మెకానికల్‌గా ఉండే పద్ధతి కూడా ఉంది, మామూలు వాడకానికి అదే మంచిది. ఎండలో 1.4 పెట్టి 1/2000 దాటితే మాత్రం వెనక ఉండే మసక గుండ్రాలు సగం కోసినట్టు వస్తాయి. ఫుల్ మెకానికల్ ఉన్న బాడీ అయితే అప్పుడు దానికి మార్చుకోండి.

బ్యాటరీ. సెన్సార్, స్క్రీన్ ఎప్పుడూ మేలుకుని ఉంటాయని అనుకున్నాం కదా, దాని ఖర్చు ఇది. ఎ6400కి కంపెనీ లెక్క వ్యూఫైండర్‌తో 360 ఫోటోలు. డి7500కి 950. వరసగా బరస్ట్ కొడితే ఆ లెక్క కంటే చాలా ఎక్కువే వస్తాయి. తీయకుండా ఊరికే ఆన్‌లో ఉంచుకుని చూస్తూ కూర్చుంటే ఒక్కటీ తీయకపోయినా అయిపోతుంది. అందుకని ఫోటోల లెక్క వదిలేసి గంటల లెక్క పట్టుకోండి. పెళ్లికి మూడు, ఉత్సవం రోజుకి మూడు బ్యాటరీలు. వైఫై, బ్లూటూత్ ఆపేసి ఎయిర్‌ప్లేన్ మోడ్. పవర్ సేవింగ్ ఒక నిమిషం. చవక బ్యాటరీలు ఉబ్బుతాయి. ఉబ్బింది లోపల ఇరుక్కుంటే బలవంతంగా లాగకండి, ఉబ్బుతున్నట్టు అనుమానం రాగానే పక్కన పడేసి కొత్తది తీసుకోండి. అది కూడా చెత్తబుట్టలో కాదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకివ్వండి.

మన ఊరి ఎండ గురించి చెప్పకుండా ఎలా? ఈ కెమెరాలు పనిచేసే ఉష్ణోగ్రత పుస్తకంలో 0 నుంచి 40 డిగ్రీలని రాస్తారు. మేలో బెజవాడ ఆ గీతని చాలా రోజులు దాటుతుంది. 4కె వీడియో తీస్తుంటే లోపలి వేడి పోవడానికి చిన్న బాడీలో చోటు లేదు, ఆగిపోతుంది. స్క్రీన్‌ని బాడీకి దూరంగా తెరిచిపెట్టండి. సోనీలో ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్ అన్నదాన్ని హై చేసి, ట్రైపాడ్ మీద పెట్టి తీయండి, బాడీ చేతికి కాలుతుంది. నల్లబట్ట కప్పకండి, తెల్ల గొడుగు పట్టండి. రెండు గంటల కార్యక్రమం ఏకబిగిన రికార్డు చెయ్యాలంటే చిన్న మిర్రర్‌లెస్ మీద ఒక్కదాని మీదే ఆధారపడకండి.

ఎండలో ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. వ్యూఫైండర్ కంటి దగ్గర ఉండేది భూతద్దం లాంటి గాజు. కెమెరాని బల్ల మీద, కారు డ్యాష్‌బోర్డు మీద, ఆ గాజు సూర్యుడి వైపు ఉండేట్టు పెడితే ఎండ లోపలి చిన్న స్క్రీన్ మీద కేంద్రీకరించి కాల్చేస్తుంది. పసుపు మచ్చో నల్ల మచ్చో పడుతుంది, మళ్లీ పోదు. మెడలో వేసుకున్నప్పుడు కూడా గాజు ఆకాశం వైపు తిరగకుండా చూసుకోండి.

దుమ్ము. ఇది మన గుంటూరువాళ్లకి మరీ ముఖ్యం. అద్దం లేదు కాబట్టి లెన్స్ తియ్యగానే సెన్సార్ ఎదురుగా కనపడుతుంది. చాలా చిన్న బాడీల్లో ఆఫ్ చేసినా షట్టర్ తెరుచుకునే ఉంటుంది. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పేటప్పుడు గాల్లో ఉండే కారపు దుమ్ము సన్నగా, జిడ్డుగా ఉంటుంది, సెన్సార్ మీద పడితే ఊదినా సరిగ్గా పోదు. యార్డులోకి వెళ్లేముందే లెన్స్ పెట్టుకోండి, బయటికొచ్చేదాకా మార్చకండి. మార్చక తప్పనప్పుడు కెమెరా ఆఫ్ చేసి, మౌంట్ నేల వైపు ఉండేట్టు పట్టుకుని, రెండో లెన్స్ వెనక మూత ముందే వదులు చేసుకుని మార్చండి. కరెంటుతో ముందుకీ వెనక్కీ కదిలే సన్నటి కిట్ జూమ్‌లు కూడా ఇలాంటి చోట దుమ్ము లోపలికి లాగుతాయి, గొట్టం ఇరుక్కుంటుంది. యార్డుకి జూమ్ లేని లెన్స్ మేలు.

మరక పడిందో లేదో చూడటం తేలిక. అపెర్చర్ ఎఫ్ 16, ఐఎస్ఓ 100, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి అనంతానికి తిప్పి, తెల్లగోడని దగ్గర నుంచి కెమెరా కొంచెం కదిలిస్తూ తీయండి. గోడ గరుకు కలిసిపోతుంది, దుమ్ము మాత్రం అదే చోట నల్లచుక్కగా నిలుస్తుంది. ముందు మెనూలో సెన్సార్ క్లీనింగ్. పోకపోతే కెమెరా బోర్లించి రబ్బరు బ్లోయర్‌తో పది సార్లు ఊదండి, ముక్కు సెన్సార్‌కి తగలకూడదు. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పడుతుంది. డబ్బాలో వచ్చే గ్యాస్ స్ప్రే వాడకండి, చల్లటి ద్రవం చిమ్ముతుంది. అప్పటికీ పోకపోతే ఏపీఎస్-సీకి 16 మిల్లీమీటర్ల స్వాబ్ (సెన్సార్ తుడిచే మెత్తటి పుల్ల), దాని మీద రెండు చుక్కల సెన్సార్ ద్రావకం, ఒక వైపు ఒకసారి, తిప్పి రెండో వైపు వెనక్కి ఒకసారి. అదే స్వాబ్‌తో మూడోసారి రుద్దకండి. బ్యాటరీ నిండుగా ఉండాలి.

[సభలోంచి ప్రశ్న: వానాకాలం లెన్స్‌లో ఫంగస్ వస్తోంది, కర్పూరం బిళ్లలు బ్యాగులో వెయ్యొచ్చాండీ?]

వద్దండి. కర్పూరం, నాఫ్తలీన్ ఉండలు బట్టల బీరువాకి సరే, కెమెరాకి పనికిరావు, కంపెనీల పుస్తకాల్లోనే వద్దని రాసుంటుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు. ముల్లు 40, 50 శాతం మధ్య ఉండాలి, 60 దాటనివ్వకండి. సిలికా రంగు మారగానే దాని ప్యాకెట్ మీద చెప్పినట్టు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. తోలు సంచిలో పెట్టి నెలలు వదిలెయ్యడమే ఫంగస్‌కి భోజనం పెట్టడం. ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి వచ్చేటప్పుడు బ్యాగు జిప్పు తియ్యకుండా అరగంట ఉంచండి. లేకపోతే గాజు మీద చెమట పడుతుంది.

[ప్రశ్న: పాత డీఎస్ఎల్ఆర్ లెన్స్‌లు అమ్మేయాలా?]

కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లుంటే ఆర్ఎఫ్ బాడీకి మధ్యలో బిగించే కెనాన్ అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా పనిచేస్తాయి, ఉంచుకోండి. నికాన్‌లో చూసుకోవాలి. లెన్స్‌లోనే మోటారున్న ఏఎఫ్-ఎస్ రకాలు ఎఫ్‌టీజడ్ అడాప్టర్ మీద ఫోకస్ పడతాయి. పాత 50 ఎఫ్ 1.8 డి లాంటివాటికి మోటారు బాడీలో ఉండాలి, అడాప్టర్‌లో అది లేదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏ అడాప్టర్ పెట్టినా చిన్నదనం కొంత పోతుంది. పెద్ద లెన్స్ పెట్టినప్పుడు బాడీ పట్టుకుని వేలాడదీయకండి, ఎడమ అరచెయ్యి లెన్స్ కింద పెట్టి మోయండి, బరువంతా మౌంట్ మీద పడకూడదు.

[ప్రశ్న: పెళ్లికి ఒక్క కార్డు స్లాటుతో వెళ్లొచ్చా?]

ఇది చిన్న బాడీల్లో నాకు అన్నిటికంటే భయం కలిగించే లోటు. రెండో కార్డు మీద నకలు ఉండదు. కార్డు పోతే పెళ్లి పోయినట్టే, మళ్లీ చేయించలేం. ఒకే పెద్ద కార్డు వద్దు, 64 జీబీవి నాలుగు పెట్టుకోండి. స్నాతకం ఒకటి, జీలకర్ర బెల్లం దాకా ఒకటి, అలా మార్చుకుంటూ రండి, తీసిన కార్డు జేబులో వేరుగా. భోజనాల టైములో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించండి. తలంబ్రాల దగ్గర బఫర్ (కార్డులోకి రాసేలోపు ఫోటోలు ఆగే తాత్కాలిక చోటు) కూడా చూసుకోండి. ఎ6400 రా ఫైల్లో సెకనుకి 11 చొప్పున తీస్తే 46కి నిండుతుంది, అంటే నాలుగు సెకన్లు. తర్వాత కార్డులోకి రాసుకుంటూ నెమ్మదిస్తుంది. దోసిలి పైకి లేచినప్పుడు మాత్రమే నొక్కి, చిన్న చిన్న దఫాలుగా తీయండి. డబ్బు తీసుకుని పెళ్లి ఒప్పుకున్నవాళ్లు మాత్రం రెండు బాడీలతోనే వెళ్లండి, రెండోది అద్దెదైనా సరే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇప్పుడు చెప్పిన తెల్లగోడ పరీక్ష, వ్యూఫైండర్‌లో మచ్చలు, లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ఫంగస్ దారాలు, మౌంట్ కదులుతోందా, ఈ నాలుగూ షాపులోనే చూసుకోండి.

మీ కెమెరాలు తెచ్చుకున్నారు కదా. అందరూ ఎఫ్ 16, ఐఎస్ఓ 100 పెట్టండి, ఫోకస్ మాన్యువల్. ఆ కుడివైపు గోడ తెల్లగా ఉంది, నలుగురు నలుగురుగా వెళ్లి తీసుకుని రండి. బ్లోయర్ నా దగ్గర రెండున్నాయి.